ఇన్హెరిటెన్స్ మీద ఎందుకండీ అంత కోపం?

"ఇన్హెరిటెన్స్ డిసేబుల్ చేసెయ్యండి, సేఫ్ గా ఉంటుంది." ఆఫీసులో షేర్డ్ ఫోల్డరు గొడవ వచ్చిన ప్రతిసారీ వినపడే సలహా ఇది. ఇంత పనికిమాలిన సలహా ఇంకోటి లేదని నా వాదన.

హక్కులు పై ఫోల్డరు నుంచి కిందికి వారసత్వంగా రావడం జబ్బు కాదు, అదే మందు. విండోస్ 2000 నుంచీ పైన ఒక్క మార్పు చేస్తే కిందున్న వేల ఫైళ్ళకి అది దానంతటదే పాకుతుంది. మధ్యలో ఎక్కడో ఆ గొలుసు తెంపారనుకోండి, ప్రాజెక్టు మారిపోయినవాడి పేరు పైన తీసేసినా అక్కడ మాత్రం పదిలంగా ఉంటుంది. దాన్ని సేఫ్ అంటారా?

మన చిత్తూరోళ్ళకి తెలిసిన ఉదాహరణే చెప్తా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, శ్రీకాళహస్తి చిత్తూరు నుంచి ఇటొచ్చింది. ఒక సర్వర్లో చిత్తూరు, తిరుపతి అని రెండు ఫోల్డర్లు ఉన్నాయనుకుందాం (ఊహే లెండి). శ్రీకాళహస్తి ఫోల్డరుని ఇందులోంచి లాగి అందులో పడేస్తే పనైపోయినట్టేనా? కాపీ చేస్తే మామూలుగా కొత్త చోటి హక్కులొస్తాయి. ఒకే డ్రైవులో మూవ్ చేస్తే మాత్రం, దానిమీద విడిగా ఇచ్చిన హక్కులన్నీ వెంటే వస్తాయి. లినక్సులో 'ఎంవీ' కూడా అంతే, ఓనరూ గ్రూపూ మోడూ ఏవీ మారవు. పేరుకి తిరుపతి, తాళంచెవి ఇంకా చిత్తూరు వాళ్ళ జేబులోనే! ఆ ఫైళ్ళలో జనం ఆధార్ కాపీలుంటే ఎవరు బాధ్యులు?

ఇంకో మూఢనమ్మకం: "పైన డినై పెట్టాం, ఇక ఎవడూ తెరవలేడు." తప్పు. విండోస్ ముందు ఆ ఫోల్డరు మీద నేరుగా రాసిన హక్కులు చూస్తుంది, వారసత్వంగా వచ్చినవి ఆ తర్వాతే. పైన మీరు డినై పెట్టినా, కింద ఎవడో పెట్టిన అలౌదే గెలుపు.

"మరి జీతాల ఫోల్డరు అందరికీ కనపడాలా?" అంటారేమో. అక్కర్లేదు. దాన్ని అందరి ఫోల్డరు లోపల పెట్టి తాళాలు వేసే బదులు, పై మెట్టులోనే విడిగా పెట్టండి. హక్కులు మనుషుల పేర్లకి కాదు, గ్రూపులకి ఇవ్వండి. గొలుసు తెంపక తప్పదంటే ఎందుకు తెంపారో ఒక ముక్క రాసి పెట్టండి. ఫోల్డరు తరలించాక తాళం ఎవరి దగ్గరుందో చూసుకోండి.

ఇదంతా బద్ధకమేసి 'ఎవ్రీవన్ - ఫుల్ కంట్రోల్' ఇచ్చేవాళ్ళతో నాకు వాదనే లేదు, దండం పెట్టడమే :) మిగతావాళ్ళు కాదంటే రండి, వాదించుకుందాం.