డీజే మాట్లాడేటప్పుడే మాట అనుకోవాలి

పెళ్లి కుదిరిందంటే పురోహితుణ్ణి, వంటవాళ్లను, పందిరివాళ్లను, మేళగాళ్లను మాట్లాడుకోవడం పూర్వం నుంచి ఉన్న పద్ధతి. నేడు పల్లెల్లో ఆ వరుసలో అందరికంటే ముందు డీజే చేరింది. ముహూర్తాల రోజుల్లో దొరకదన్న భయంతో లగ్నపత్రిక రాసుకున్న నాడే బయానా ఇచ్చేస్తున్నారు. ఎన్ని బాక్సులు, ఎన్ని లైట్లు, ఎంత డబ్బు అన్నవే మాట్లాడుతున్నారు గాని, ఎప్పుడు ఆపాలి, ఎక్కడ తగ్గించాలి అన్నది ఎవరూ మాట్లాడడం లేదు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

సాయంత్రం బయలుదేరవలసిన బరాత్ భోజనాలు, ఫొటోలు అయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000వ సంవత్సరంలోనే వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగించరాదు. పగలైనా రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. సుప్రీంకోర్టు కూడా 2005లో రాత్రి నిషేధాన్ని గట్టిగా చెప్పింది. ఇవేవీ పెళ్లివారికి గుర్తుండవు. గుర్తున్నా, మన ఇంటి శుభకార్యానికి ఎవరు అడ్డు వస్తారులే అన్న ధీమా.

పోలీసులు వచ్చిన నాడు ఏమవుతున్నది? సౌండు పెంచమని కేకలు వేసినవారు తలో దిక్కు జారుకుంటారు. బండి, బాక్సులు, జనరేటరు స్టేషనుకు చేరుతాయి. అవి అప్పు చేసి కొనుక్కున్న ఏ పాతికేళ్ల కుర్రవాడివో. పది దాటింది, ఆపుతానంటే పెళ్లివారు మిగతా డబ్బు ఇవ్వరు. ఆపకపోతే సామాను పోతుంది. పెళ్లివారి సరదాకు శిక్ష కూలివాడికి పడడం ఏ న్యాయం?

ఆ కుర్రవాడి చెవుల సంగతి కూడా ఆలోచించాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు మించి వినరాదని, అదే 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే హద్దని నిపుణుల లెక్క. బాక్సుల పక్కనే సీజనంతా నిలబడేవాడికి, బాక్సుల ముందు ఆడే పిల్లలకు ఈ హద్దు ఎవరు చెబుతున్నారు? ఇక బరాత్ సాగే వీధిలో గుండె జబ్బు మనిషి ఉంటాడు, పురిటి బిడ్డ ఉంటుంది, తెల్లవారితే పరీక్ష రాయవలసిన పిల్ల ఉంటుంది. పెళ్లివారితో రేపు మొహాలు చూసుకోవాలి గనుక వారు నోరెత్తరు. నోరెత్తనంత మాత్రాన బాధ లేదని అనుకోరాదు.

డీజేను పూర్తిగా మానేయమనడం సులభం, కాని అది జరిగే పని కాదు. ఏడాది పొడుగునా కూలికి పోయే ఆడవాళ్లు సైతం సిగ్గు విడిచి మనసారా నాలుగు అడుగులు వేసేది ఆ బరాత్ లోనే. ఆ సంతోషాన్ని కాదనడం తగదు. కావలసింది కట్టుబాటు.

బయానా ఇచ్చేనాడే ఒక కాగితం రాసుకోవాలి. అనుమతి పెళ్లివారే తమ పేరున తీసుకోవాలి. పది గంటలకు ఆపివేయాలి, ఆపినా ఒప్పుకున్న డబ్బు పూర్తిగా చెల్లించాలి. ఆసుపత్రి ముందు, రోగులున్న ఇళ్ల ముందు పాట ఆపి బండి సాగాలి. కరెంటు తీగలకు తగిలేటంత ఎత్తున బాక్సులు పేర్చరాదు. సౌండు పెంచమనే అధికారం తాగినవారికి గాక ఇంటి పెద్ద ఒక్కరికే ఉండాలి. గ్రామ పెద్దలు పూనుకుంటే ఊరంతటికీ ఒకే షరతు పెట్టవచ్చు. అందరికీ ఒకటే అయినప్పుడు చిన్నతనం ఎవరికీ ఉండదు.

మరొక్క మాట. ఎన్ని బాక్సులు తెచ్చినా తాళి కట్టే వేళ మోగవలసింది డోలు, సన్నాయి. డీజేకు అడిగినంత ఇచ్చి, మేళగాళ్ల దగ్గర నూరు రూపాయలకు బేరమాడడం శుభకార్యానికి శోభ కాదు. బరాత్ వెళ్లిన మరునాడు పక్కింటి ముసలమ్మ కూడా దీవించేటట్లు చేసుకున్నదే మంచి పెళ్లి.