విశ్రాంతికి ఇంత సరంజామాయా?

శ్రమ తీరుటను విశ్రాంతి యందురు. శ్రమను వెంట మోసికొనిపోవుటను ఏమనవలెనో నాకే నిఘంటువులోను కనబడలేదు.

ఈ సందేహము మా అల్లుడుగారి వలన కలిగినది. వచ్చే మాఘమాసములో మిత్రబృందముతో కాకినాడ ఎదుటనున్న హోప్ ఐలాండ్‌కు పోయి, అనుమతి దొరికినచో ఒక రాత్రి గడపవలెనని వారి సంకల్పము. "చాలా ప్రశాంతమైన చోటు మామయ్యగారూ!" అనుచు జాబితా చదివినారు: జనరేటరు, రంగుదీపములు, రెండు స్పీకర్లు. ప్రశాంతతను వెదకబోవువారు దానిని చంపు ఆయుధములన్నియు సర్దుకొన్నారు!

ఆ దీవి మన విలాసమునకై వెలసినది కాదు. గోదావరి తెచ్చిన ఇసుకను కడలి పేర్చగా సుమారు 200 ఏండ్లలో ఏర్పడిన దిబ్బ అది. పొడవు 16 కిలోమీటర్లు. కాకినాడ రేవును అలల తాకిడినుండి కాచు అడ్డుగోడ. శీతకాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ అచటికి వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పుట్టిన పిల్లలు కడలిపై కనబడు వెలుగును బట్టి నీటిదారి పట్టును. గట్టున మన దీపము వెలిగినచో అటే ప్రాకి, దారి తప్పి చచ్చును.

"నాలుగు దీపములకే కొంప మునుగునా?" అందురు. మన కొంప మునుగదు, వాటిది మునుగును.

పోవలదని నేననను. ప్రొద్దుననే పడవ యెక్కుడు. సద్దిమూట విప్పుడు, అలల సవ్వడి వినుడు, ప్రొద్దు గ్రుంకకమునుపే మరలుడు. జాబితా తప్పక వ్రాయుడు, ఇంట విడువవలసిన వస్తువులకు!

మా అల్లుడుగారు స్పీకర్లు కొట్టివేసినారు. జనరేటరుపై వాదము ఇంకను సాగుచున్నది.