వట్లూరు బోర్డు మీది రెడ్డి గారు

పెదపాడు మండలం వట్లూరులో ఓ ఇంజనీరింగు కాలేజీ ఉంది. 1989లో పెట్టారు. అంతకు చాలా ముందే, 1945లో, ఏలూరులో డిగ్రీ కాలేజీ వెలిసింది. రెండింటి బోర్డు మీదా ఒకే పేరు, సర్ సి.ఆర్.రెడ్డి. పిల్లలు మాత్రం 'సీఆర్ఆర్' అని తేల్చేస్తారు. ఆ మూడక్షరాల మనిషిది ఏలూరు కాదు, గోదావరి జిల్లాలూ కావు. చిత్తూరు దగ్గర కట్టమంచి. తెలుగు ఎమ్మే చదివినవాళ్లకి 'ముసలమ్మ మరణం' రాసిన కవిగా తెలుసు. ఆయన బతుకంతా నడిచింది మాత్రం కాలేజీలు, విశ్వవిద్యాలయాల కుర్చీల్లో. ఆ కుర్చీలతో ఆయన సంబంధం కాస్త విచిత్రమైంది. కూర్చోవడం ఎంత బాగా తెలుసో, లేచి వెళ్లడమూ అంత బాగా తెలుసు.

కేంబ్రిడ్జిలో చదివి వచ్చి బరోడాలో, ఆపై మైసూరులో పనిచేశారు. మైసూరులో విద్యాశాఖకి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాక సర్కారు బళ్లలోకి పంచముల పిల్లల్ని రానివ్వాలని పట్టుబట్టారు. అగ్రవర్ణాల పెద్దలకి అది నచ్చలేదు. తర్వాత ఆ ఉద్యోగం వదిలి మద్రాసు రాజకీయాల్లోకి వచ్చారు. 1923 నవంబరులో పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఈయనే. తీర్మానం నెగ్గలేదు. తమాషా ఏమిటంటే, ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లు తెచ్చింది ఆ పానగల్ ప్రభుత్వమే. 1926లో దానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయిందీ ఈయనే. ఇవాళైతే ఇలాంటి మనిషి పేరు ఫైలెక్కుతుందా?

మొదట విశ్వవిద్యాలయం బెజవాడలో ఉండేది. ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఊళ్లకి ఊళ్లు కొట్లాడుకున్నాక 1930లో వాల్తేరు చేరింది. సరిగ్గా ఆ ఏడాదే ఉప్పు సత్యాగ్రహం, లాఠీలు, అరెస్టులు. సర్కారు జరిపే అణచివేతకి నిరసనగా రెడ్డి గారు రాజీనామా ఇచ్చేశారు. కలకత్తాలో అశుతోష్ ముఖర్జీ గారు 1923లో గవర్నర్ లిట్టన్ పెట్టిన షరతులు ఒప్పుకోనని వైస్ ఛాన్సలర్ పదవినే కాదన్నారు. రెడ్డి గారిది అంతకంటే కష్టమైన పని అని నాకనిపిస్తుంది. ఇవ్వజూపిన కుర్చీని వద్దనడం వేరు, చేతులారా నిలబెట్టిన సంస్థని సగంలో వదిలి రావడం వేరు. 1931లో రాధాకృష్ణన్ గారు వచ్చారు. 1936లో మళ్లీ రెడ్డి గారే. ఈసారి 1949 దాకా కదల్లేదు. యుద్ధంలో విశాఖ మీద బాంబులు పడితే విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకి తరలించి, 1946లో తిరిగి వాల్తేరు చేర్చిందీ ఆ హయాంలోనే.

అయితే ఒక్కమాట. పెద్ద కుర్చీ దిగి నిరసన చెప్పగలిగేది ఒక్కరే. కింద గుమాస్తా, లాబ్ అటెండరు, మూడు నెలలకోసారి జీతం చూసే లెక్చరరు ఏం దిగుతారు? వాళ్లకి సంఘమే దిక్కు. 2021 ఆగస్టులో ఎయిడెడ్ కాలేజీల విషయం తేలినప్పుడు ఇది బాగా కనబడింది. యాజమాన్యం ఆస్తులతో సహా అప్పగించాలి, లేదా ఎయిడెడ్ సిబ్బందిని సర్కారుకి ఇచ్చేసి ప్రైవేటుగా నడుపుకోవాలి అన్నారు. యాజమాన్యాలు లెక్కలు వేసుకున్నాయి. సిబ్బంది ఏ ఊరు పొమ్మంటారోనని, పిల్లలు ఫీజు ఎంతవుతుందోనని వణికారు. నవంబరులో అనంతపురంలో విద్యార్థుల మీద లాఠీలు లేచాక, కొద్ది రోజులకే ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలు కల్పిస్తూ మెమో వచ్చింది.

సంఘాల గొంతు శాసనమండలి దాకా వెళ్లే దారి ఒకటుంది. సభ్యుల్లో పన్నెండో వంతు టీచర్లు ఎన్నుకుంటారు. మన రాష్ట్రంలో 58లో ఐదు సీట్లు. దీనికీ ఓ మెలిక ఉంది. హైస్కూలు స్థాయికి తగ్గని చోట పాఠం చెప్పేవాళ్లకే ఓటు. విశ్వవిద్యాలయం ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసినవాళ్లకి ఆ ఓటు లేదు. ఎలిమెంటరీ పంతులు గారికీ లేదు. అంగన్‌వాడీ టీచరమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు.

2021లో తూర్పు, పశ్చిమ గోదావరి టీచర్ల సీటు నుంచి యూటీఎఫ్ నాయకుడు షేక్ సాబ్జీ గారు గెలిచారు. 2023 డిసెంబరులో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. వాళ్లలో ఒక్కరికీ ఆయనకి ఓటు వేసే హక్కు లేదు. అయినా వాళ్ల శిబిరాలకి మద్దతుగా తిరుగుతూనే డిసెంబరు 15న ఉండి మండలం చెరుకువాడ దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆ సీటుకి 2024 డిసెంబరులో ఉప ఎన్నిక జరిగింది. అంగన్‌వాడీలు ఓటు లేకుండానే ఆ ఎన్నికనీ చూశారు.