నాలుగు చక్రాలూ లాగుతాయి సరే, ఆపేదెవరు?



ఈ మధ్య మన ఊళ్లలో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు బాగా పెరిగాయి. థార్ కొన్నవాళ్లున్నారు, జిమ్నీ కొన్నవాళ్లున్నారు, పాత జీపు బాగుచేయించుకుని తిప్పేవాళ్లూ ఉన్నారు. డొంకల్లో తిరిగేవాళ్లకి అలాంటి బండి పనికొస్తుంది, కాదనను. కానీ కొన్న ప్రతివాడి నోటా ఒకటే మాట. "మన బండికి వానా లేదు, బురదా లేదు. నాలుగు చక్రాలూ లాగుతాయి, పైగా ట్రాక్షన్ కంట్రోల్ ఉంది" అని. ఈ మాటలో సగం నిజం. మిగతా సగం ప్రాణం మీదికి తెచ్చేది. అది చెప్దామనే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు నిజమైన సగం చూద్దాం. ట్రాక్షన్ కంట్రోల్ అంటే ఏదో కంప్యూటర్ మాయ అనుకోకండి. ట్రాక్టర్ తోలిన ప్రతివాడికీ తెలిసిన పనే అది. ట్రాక్టర్ ఒక పక్క చక్రం బురదలో దిగబడి గిరగిరా తిరుగుతుంటుంది. రెండో చక్రం గట్టి నేల మీదే ఉంటుంది, అయినా కదలదు. డిఫరెన్షియల్ గుణం అది. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలి చక్రం తక్కువ తిరగాలి, అందుకని రెండింటినీ విడివిడిగా తిరగనిస్తుంది. ఒక చక్రానికి పట్టు లేకపోతే, పట్టున్న చక్రానికి కూడా బలం అందదు. అప్పుడు మనం ఏం చేస్తాం? డిఫరెన్షియల్ లాక్ తొక్కుతాం. లేదంటే రెండు బ్రేకుల మధ్య లాకు తీసి, ఊరికే తిరుగుతున్న పక్క బ్రేకు ఒక్కటే మెల్లగా నొక్కుతాం. ఆ చక్రం నెమ్మదించగానే బలం అవతలి చక్రానికి పోతుంది, బండి పైకి లేస్తుంది.

కారులో ట్రాక్షన్ కంట్రోల్ చేసేది సరిగ్గా ఈ రెండో పనే. ప్రతి చక్రం దగ్గర వేగం చూసే సెన్సర్ ఉంటుంది, ఏబీఎస్ బ్రేకులకి వాడేదీ అదే. ఒక చక్రం మిగతావాటి కంటే ఎక్కువ తిరిగితే దాని బ్రేకు మాత్రం తనంతట తనే పట్టుకుంటుంది. అవసరమైతే ఇంజను జోరు కూడా తగ్గిస్తుంది. మనం కాలితో చేసేది అది క్షణంలో చేస్తుంది, అంతే తేడా.

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కూడా ఇది కావాలి. ముందు ఇరుసుకి ఒక డిఫరెన్షియల్, వెనక ఇరుసుకి ఒకటి ఉంటాయి కదా. ముందొక చక్రం, వెనకొక చక్రం ఒకేసారి పట్టు తప్పాయంటే, లాకు గానీ ట్రాక్షన్ కంట్రోల్ గానీ లేని ఫోర్ వీల్ డ్రైవ్ కూడా ఉన్నచోటే తిరుగుతూ నిలబడుతుంది. జిమ్నీలో ఈ పని బ్రేకులతో చేయిస్తారు, గూర్ఖాలో ముందూ వెనకా లాకులే ఇస్తారు. అంటే బురదలో నుంచి కదలడానికి ఇవన్నీ నిజంగా పనికొచ్చేవే.

ఇక రెండో సగం. కదలడం వేరు, ఆగడం వేరు.

బ్రేకు నాలుగు చక్రాలకీ ఏ కారుకైనా ఉంటుంది, చిన్న ఆల్టోకైనా ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు ఇంజను రెండు చక్రాలకి బలమిస్తోందా నాలుగింటికా అన్నది లెక్కలోకి రాదు. ఆపేది టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు ఒక్కటే. ఏటవాలు దిగేటప్పుడు చిన్న గేరులో నాలుగు చక్రాల మీద దింపితే కొంత మేలు, అది ఒప్పుకుంటా. కానీ తారు రోడ్డు మీద ఎదురుగా గేదె అడ్డమొస్తే ఫోర్ వీల్ డ్రైవ్ మిమ్మల్ని ఒక్క అడుగు కూడా ముందు ఆపదు.

లెక్క చూడండి. 60 కిలోమీటర్ల వేగంలో పొడి తారు మీద గట్టిగా బ్రేకు పడితే సుమారు 20 మీటర్లలో ఆగొచ్చు. తడి తారు మీద 35 మీటర్ల దాకా పోతుంది. ట్రాక్టర్ చక్రాలు పొలంలో నుంచి తెచ్చిన రేగడి రోడ్డు మీద పడి, దాని మీద సన్నగా జల్లు కురిసిందంటే 70 మీటర్లైనా చాలకపోవచ్చు. చూసి, కాలు బ్రేకు మీదకి పోయేలోపే ఇంకో 16, 17 మీటర్లు పోతాం, అది వేరే. అదే రేగడి జారుడు మీద 30లో పోతే 18 మీటర్ల దగ్గర ఆగుతుంది. వేగం సగమైతే ఆగే దూరం నాలుగో వంతు అవుతుంది. ఏ కంపెనీ బండికైనా ఇదే లెక్క.

ఇప్పుడు అసలు మాట. నా భయం ఎక్కడంటే, ఈ సౌకర్యం మనకి రోడ్డు చేసే హెచ్చరికని మింగేస్తోంది. మామూలు కారు జారుడు రోడ్డు మీద ఎక్సలేటర్ తొక్కగానే చక్రం ఊరికే తిరుగుతుంది, బండి కొంచెం పక్కకి లాగుతుంది. అప్పుడు తోలేవాడికి అర్థమవుతుంది, రోడ్డు బాగాలేదు జాగ్రత్త అని. ఫోర్ వీల్ డ్రైవ్, దానికి తోడు ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండి అదే రోడ్డు మీద ఏమీ ఎరగనట్టు సాఫీగా పోతుంది. కుర్రాడు రోడ్డు బాగుందనుకుని 80లో పోతాడు. రోడ్డు సంగతి అతనికి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడే. అప్పటికి ఎదురుగా పత్తి తీతకి పోయే కూలీల ఆటో ఉండొచ్చు, పక్కన కాలువ ఉండొచ్చు.

ఈఎస్‌పీ ఉంది కదా అంటారు. మంచిదే, మలుపులో బండి గిర్రున తిరక్కుండా ఒక్కో చక్రానికి బ్రేకు వేసి నిలబెట్టడానికి చూస్తుంది. కానీ దానికి కూడా కావలసింది టైరు పట్టే. లేని పట్టుని అది పుట్టించలేదు.

అందుకని నాకు తోచినవి చెప్తాను.

మీటరు దగ్గర కారు బొమ్మ కింద రెండు వంకర గీతలున్న లైటు ఉంటుంది. తోలుతుండగా అది టకటకా వెలిగి ఆరుతుంటే ట్రాక్షన్ కంట్రోల్ పనిచేస్తోందని అర్థం. "చూశావా, మన బండి ఎట్లా లాగుతోందో" అని మురిసిపోవద్దు. రోడ్డు జారుతోందని చెప్పేది ఇక ఆ లైటే. వెంటనే వేగం తగ్గించాలి. ఆరకుండా అట్లాగే వెలుగుతుంటే మాత్రం ఆఫ్ చేసి ఉండాలి, లేదంటే ఏదో లోపం వచ్చి ఉండాలి.

బాగా దిగబడినప్పుడు మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ ఇంజను జోరు తగ్గించేసి బండిని అక్కడే నిలబెట్టవచ్చు. అలాంటి చోట ఆఫ్ బటన్ నొక్కి ఒకే జోరు మీద బయటపడాలి. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ ఆన్ చేయాలి. చాలా బండ్లలో ఆ ఒక్క బటన్‌తోనే ఈఎస్‌పీ కూడా తగ్గిపోతుంది, అది గుర్తుంచుకోండి.

థార్, జిమ్నీ, పాత జీపుల్లాంటి వాటిలో ఫోర్ వీల్ మనం వేస్తేనే పడుతుంది. పొడి తారు మీద అది వేసి తిప్పితే మలుపుల్లో గేర్లు బిగుసుకుని అరిగిపోతాయి. ఎప్పుడు ఎంత బలం ఎక్కడికి పంపాలో తనే చూసుకునే ఆల్ వీల్ డ్రైవ్ కార్లు వేరు. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి. ఆల్ వీల్ డ్రైవ్‌కి నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి.

అన్నిటికంటే ముందు టైరు. గాడిలో చిన్న దిమ్మెలుంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. టైరు వాటితో సమానంగా అరిగిందంటే మార్చాల్సిందే. వానాకాలానికి ఇంకా ముందే మారిస్తే మేలు. లక్షలు ఎక్కువ పెట్టి ఫోర్ వీల్ మోడల్ కొని, టైర్ల దగ్గర ఇంకో సీజన్ చూద్దాంలే అనేవాళ్లని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు. అరిగిన టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ కంటే మంచి టైర్లున్న మామూలు కారే వానలో నయం. ఇది నా గట్టి అభిప్రాయం.

మరైతే ఫోర్ వీల్ కొనొద్దా అంటే, కొనండి. పొలం దాకా రోడ్డు లేనివాళ్లకి, రాత్రిపూట మనిషిని ఆస్పత్రికి తీసుకుపోవాల్సి వచ్చినవాళ్లకి దాని విలువ తెలుసు. బురదలో నుంచి బయటపడటానికి కొనండి. వానలో వేగంగా పోవడానికి మాత్రం కొనకండి. బండి తాళాలు పిల్లల చేతికిచ్చే ముందు ఈ తేడా వాళ్లని కూర్చోబెట్టి చెప్పండి. షోరూమ్‌లో బండి ఎట్లా ఎక్కుతుందో చూపిస్తారు. ఎట్లా ఆగుతుందో మనమే చెప్పుకోవాలి.