కొలవని విషానికి శిక్ష ఎక్కడిది?

హైదరాబాదు శివారు పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాన్ని ఒకచోట చేర్చి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం ఉంది. అది శుద్ధిచేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. ఇన్ఫెక్షన్లకు వైద్యులు రాసే యాంటీబయాటిక్ అది. నీటిలో నిత్యం కలుస్తుంటే సూక్ష్మక్రిములు దానికి లొంగకుండా మొండికెత్తుతాయి. రేపు ఆసుపత్రిలో అదే మందు రోగికి పనిచేయకుండా పోతుంది. ఆ క్రిములు ఏ ఊరి పొలిమేరలోనూ ఆగవు.

ఈ ప్రమాదం ప్రభుత్వానికి తెలియనిది కాదు. మందుల పరిశ్రమలు వదిలే నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలకు కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరి ముసాయిదాలో పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అవి మాయమయ్యాయి.

2024లో జల కాలుష్య చట్టాన్ని సవరించి, చాలా నేరాలకు జైలుశిక్ష బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టారు. అది చాలునా అన్నది వేరే చర్చ. అసలు హద్దే గీయనప్పుడు, దాటారని ఎవరిని పట్టుకుంటారు?

చవక మందులు పేదలకు కావాలి, కార్మికులకు పని కావాలి. అయితే ఆ చవకదనానికి మూల్యం వాగు దిగువన ఉన్న ఊళ్లు చెల్లించడం న్యాయం కాదు. కేంద్రం ఆ పరిమితులను తిరిగి చేర్చాలి. అంతవరకు చేతులు ముడుచుకోనక్కర లేదు. కేంద్రం కంటే కఠినమైన ప్రమాణాలు పెట్టే అధికారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లకు ఉంది. మందుల పరిశ్రమకు నిలయమైన తెలుగు రాష్ట్రాలే ముందడుగు వేయాలి.