కేసు కొట్టేసిన తర్వాత

మా కోరుట్లలో చాయ్ హోటల్‌కు పేపరు ఒక్కటే వస్తుంది. పొద్దున తొమ్మిదింటికల్లా దాని పేజీలు విడివడి నలుగురి చేతుల్లో ఉంటాయి. సినిమా పేజీ వదిలేసేవాళ్ళుంటారు గానీ, జిల్లా పేజీ వదిలేసేవాళ్ళు ఉండరు. అప్పుడప్పుడు అందులో ఒక ఫొటో వస్తుంది. కుర్చీల్లో పోలీసు అధికారులు, ముందు బల్ల మీద స్వాధీనం చేసుకున్న సొత్తు, వెనక ముఖాలకు ముసుగులు వేసుకుని నిలబడ్డ నిందితులు. ముసుగులున్నా ఏం లాభం? ఎవరి కొడుకో, ఏ వాడకట్టో చాయ్ చల్లారేలోపు తేలిపోతుంది.

పక్కనున్నాయన కొంచెం సందేహపడ్డాడనుకోండి, వెంటనే జవాబు వస్తుంది. “ఏం జెయ్యకుంటె పోలీసోళ్ళు ఊకెనే పట్కపోతరా?” నిప్పు లేనిదే పొగ రాదని ఇంకొకరు అందుకుంటారు. అక్కడితో విచారణ పూర్తి. దీని మీద అప్పీలు కూడా లేదు.

పేషీలకు తిరిగి తిరిగి చెప్పులరిగిన ఏ ఐదారేళ్ళకో అదే పేజీలో ఓ మూల నాలుగు లైన్లు పడతాయి, కేసు కొట్టేశారని. ఫొటో ఉండదు. చాలాసార్లు ఆ నాలుగు లైన్లూ ఉండవు. పత్రికలవాళ్ళం కాబట్టి ఈ సంగతి మాకు బాగా తెలుసు. చదివినవాళ్ళు మాత్రం ఏమంటారు? “పైసలు పెట్టిండు కావొచ్చు.” పట్టుకుపోయిన రోజు పోలీసుల మీద అంత నమ్మకం చూపినవాళ్ళకు, విడిచిపెట్టిన రోజు జడ్జి మీద నమ్మకం ఎందుకు పోతుందో నాకు అంతుపట్టదు.

అట్లాగని మనది ఎవరినీ నమ్మని ఊరు కాదు. మనవాడు గల్ఫ్‌లో జైలు పాలయ్యాడని తెలియనీయండి, ఊరు ఊరంతా వాడి వైపే మాట్లాడుతుంది. బీడీలు చేసే ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకునే కన్నీళ్ళు తుడుచుకుంటారు. “వానికేం తెల్వదు, వాన్ని ఇరికిచ్చిండ్రు” అంటారు. గల్ఫ్ దేశాల్లో గసగసాలు నిషిద్ధం. ఆ సంగతి తెలియక ఇంటివాళ్ళు కట్టిచ్చిన పొట్లాన్ని, ఒక్కోసారి ఎవరో తమవాళ్ళకు ఇమ్మని చేతిలో పెట్టిన పొట్లాన్ని మోసుకెళ్ళి ఎయిర్‌పోర్టులోనే దొరికిపోయినవాళ్ళున్నారు. వాళ్ళను నేరగాళ్ళని మన దగ్గర ఎవరూ అనరు. అట్లాంటి పొట్లం మనమూ కట్టినవాళ్ళమే కదా.

సిరిసిల్ల ప్రాంతం వాళ్ళు కొందరు 2024 ఫిబ్రవరిలో శంషాబాద్‌లో విమానం దిగారు. దుబాయ్ జైలులో దాదాపు 18 ఏళ్ళు గడిపి వచ్చారు. నేపాల్‌కు చెందిన ఒక కాపలాదారు చనిపోయిన కేసు అది. దుబాయ్ కోర్టు నడిచేది అరబ్బీలో. 2011లో సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ దాకా వెళ్ళి, ఆ కాపలాదారు కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందజేశారు. ఆ తర్వాత కూడా విడుదలకు పన్నెండేళ్ళకు పైగా పట్టింది. ఆ కేసులో ఏం జరిగిందో తేల్చడం నా పని కాదు, నా వల్ల అయ్యేదీ కాదు. నాకు పట్టుకున్నది ఇంకొకటి. వాళ్ళు వెళ్ళింది ఆంధ్రప్రదేశ్‌లోని కరీంనగర్ జిల్లా నుంచి. తిరిగొచ్చింది తెలంగాణలోని రాజన్న సిరిసిల్ల జిల్లాకు. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, సాంచాల మీద నేసే బట్ట మారింది. ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అయినా ఎయిర్‌పోర్టుకు మనుషులు వెళ్ళారు, అలుముకున్నారు, ఏడ్చారు. ఇన్నేళ్ళూ తలుపు తెరిచి పెట్టుకున్న ఇళ్ళవి.

ఇక్కడి జైలు నుంచి వచ్చినవాడికి ఆ తలుపు అట్లా ఉండదు. సత్యంబాబు గుర్తున్నాడా? 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయిని దారుణంగా చంపారు. 2008 ఆగస్టులో నందిగామ వైపు పల్లెటూరి పిల్లవాణ్ణి, సత్యంబాబును పట్టుకొచ్చి, నేరం ఒప్పుకున్నాడన్నారు. టీవీలన్నీ ఆ ముఖమే చూపించాయి. జైల్లో ఉన్న కాలంలో కాళ్ళు పట్టు తప్పే నరాల జబ్బు ఒకటి మీద పడింది. 2010లో విజయవాడ మహిళా కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి, అతన్ని నిర్దోషి అంది. కోర్టు ఖర్చుల కింద లక్ష రూపాయలు ఇవ్వమంది. మరో రెండు రోజులకు రాజమండ్రి జైలు నుంచి బయటకు వచ్చాడు. ఎనిమిదిన్నరేళ్ళు దాటాయి. అసలు నేరం ఎవరిదో మళ్ళీ వెతకమని హైకోర్టు 2018లో సీబీఐకి అప్పగించింది.

ఆ కథంతటిలో నా మనసులో నిలిచిపోయింది తీర్పు కాదు, ఆ అమ్మాయి తల్లి. బిడ్డను పోగొట్టుకున్న మనిషి. ఎవరో ఒకరికి శిక్ష పడిందిలే అని ఊరట పడినా ఎవరూ తప్పు పట్టరు. ఆమె పడలేదు. నా బిడ్డను చంపింది ఇతను కాదని అంటూనే వచ్చింది. ఊరూ వాడా నమ్మేసిన రోజుల్లో, నమ్మడానికి అందరికంటే ఎక్కువ కారణమున్న మనిషే నమ్మలేదు.

అమెరికాలో జెన్నిఫర్ థాంప్సన్‌ది దీనికి తలకిందులైన కథ. 1984లో తన మీద అత్యాచారం చేసినవాడు ఇతనేనని రొనాల్డ్ కాటన్‌ను గుర్తుపట్టింది. అబద్ధమాడలేదు, నిజంగానే అట్లా నమ్మింది. పదేళ్ళు దాటాక, 1995లో డీఎన్ఏ పరీక్ష అతను కాదని చెప్పింది. ఆమె వెళ్ళి క్షమించమని అడిగింది, అతను క్షమించాడు. తర్వాత ఇద్దరూ కలిసి పుస్తకం రాశారు, కలిసి సభల్లో మాట్లాడారు. కళ్ళారా చూసినామెకే అంత పొరపాటు జరిగింది. మనం చూసింది ముసుగు ఫొటోనే.

నిర్దోషిగా వచ్చినవాళ్ళకు ఏం చేయాలో 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో రాసింది. డబ్బు ఒక్కటే చాలదు, మనసుకు ఊరట కావాలి, చేతికి పని నేర్పించాలి అని కూడా చెప్పింది. అవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి, ఎప్పటికైనా చేస్తుందేమో. కిరాణా కొట్టు దగ్గర అతను రాగానే సగంలో ఆగిపోయే మాటలకు మాత్రం ఏ ప్రభుత్వమూ ఏమీ చేయలేదు.

దుబాయ్‌లో చిక్కుకున్నవాడిని నమ్మినంత సులువుగా జగిత్యాల జైలు నుంచి వచ్చినవాడిని ఎందుకు నమ్మలేకపోతున్నామా అని ఆలోచిస్తే నాకొకటి తోచింది. గల్ఫ్‌కు మన ఇంట్లోంచీ ఎవరో ఒకరు వెళ్ళారు, కాబట్టి అది మనకూ జరగవచ్చని తెలుసు. ఇక్కడి స్టేషన్‌కు మాత్రం మనవాళ్ళు ఎప్పటికీ వెళ్ళరని ఒక ధీమా. సత్యంబాబు ఇంట్లో కూడా ఒకప్పుడు ఆ ధీమా ఉండే ఉంటుంది.

పెండ్లి సంబంధానికో, పనిలో పెట్టుకోవడానికో వాకబు చేసేవాళ్ళు ముందు వచ్చేది మన దగ్గరికే. “గా పిల్లగాని మీద ఏదో కేసు ఉండెనంట గదా?” అని అడుగుతారు. ఉండె అనండి. కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది అని కూడా చెప్పండి. దయచేసి, అంతకుమించి ఒక్క మాట కూడా కలపకండి.