ఆ చిన్న మాత్రకు ఒక కాపలా కావాలి

"మోకాళ్లు పీకుతాండాయి మేడమ్, ఏదన్నా మాత్ర ఇయ్యండి" అందామె. లేపాక్షి దగ్గర పల్లె. హిందూపురంలో పని చూసుకుని, బస్సెక్కేముందు మా మందుల షాపు దగ్గర ఆగింది. నొప్పి మాత్రలు పది కత్తిరించి చేతిలో పెట్టాను. ఇంకేమన్నా మందులు వాడుతున్నావా అని అడగలేదు. నెలనెలా నా దగ్గరే గుండె మాత్రలు కొనే మనిషని ఆ హడావుడిలో నాకు తట్టనే లేదు.

ఆరో రోజు ఆమె కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "మాయమ్మకు దొడ్డికి తారు మాదిరి నల్లగా పోతాంది మేడమ్. కండ్లు తిరిగి పడిపాయ" అన్నాడు. ఆ రాత్రే బెంగుళూరు తీసుకుపోయారు. రక్తం ఎక్కించారు. దేవుడి దయ, బతికింది. కానీ ఆ పది మాత్రలు ఇచ్చింది నా చెయ్యే. బి.ఫార్మసీ చదివి, ఇరవై ఏళ్లుగా షాపులో నిలబడిన చెయ్యి.

గుండెలో లోహపు కవాటం, అంటే వాల్వ్, వేయించుకున్నవాళ్లు జన్మంతా రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకోవాలి. వార్ఫరిన్, లేదా మన వైపు ఎక్కువగా రాసే అసిట్రోమ్. "రక్తం పలచన చేసే మాత్ర" అంటాం గానీ, నిజానికి రక్తం పలచబడదు. గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే కొన్ని పదార్థాలకు విటమిన్ కె కావాలి. ఈ మాత్ర దానికి అడ్డు నిలుస్తుంది. మాత్ర తక్కువైతే వాల్వ్ మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, వాల్వే బిగుసుకుపోవచ్చు. ఎక్కువైతే కడుపులోనో, తలలోనో రక్తస్రావం. దానికి తోడు నొప్పి మాత్ర పడితే కడుపులో పుండు పడుతుంది. నేను చేసింది అదే.

ఎంత వేసుకోవాలో చెప్పేది ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. వాల్వ్ ఉన్న చోటును బట్టి వీళ్లకు 2 నుంచి 3, లేదా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు నేను లేపాక్షి గుడిలో వేలాడే స్తంభం సంగతి చెబుతాను. ఆ స్తంభం కింద కొంగు అటునుంచి ఇటు లాగుతాం కదా, అంత సందే మనకున్నది. ఆ సందులోనే జన్మంతా నెట్టుకురావాలి.

ఈ మాత్ర పుట్టుక కూడా చిత్రమైనదే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో 1933లో ఒక రైతు, బూజుపట్టిన మేత తిని రక్తం కారి చచ్చిన తన పశువును బండిలో వేసుకుని, గడ్డకట్టని రక్తం డబ్బాతో సహా విశ్వవిద్యాలయానికి తీసుకొచ్చాడు. ఆ మేతలో ఏముందో వెతికిన పరిశోధనలోంచే వార్ఫరిన్ పుట్టింది. 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1954 నుంచి మనుషులకు మందైంది. విషానికీ మందుకూ మధ్య ఉన్నది మోతాదు ఒక్కటే. ఆ మోతాదుకు కాపలా ఎవరు? ఇదీ నా ప్రశ్న.

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లనొప్పులు వస్తే పట్టించుకోకపోవడం వల్ల వచ్చే కీళ్లవాత జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తుంది. కవాటం మూసుకుపోయే జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ. చాలామందికి మొదటి కాన్పప్పుడు ఆయాసం వచ్చాకే బయటపడుతుంది. 1991 నవంబరులో పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో శ్రీ సత్యసాయి ఆసుపత్రి మొదలై ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తోంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదింటి ఆడవాళ్లకూ పెద్దాసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. ఆపరేషన్ అయిపోతుంది, కుట్లు మానతాయి, ఫొటోలో అందరూ నవ్వుతారు. ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్లు ఆ మాత్రతో కాపురం చేసేది మాత్రం ఆ ఒక్క మనిషే.

పరీక్షకని బెంగుళూరు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. వెంట వచ్చేవాడి కూలి కూడా పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, మంచిదే. కానీ బెంగుళూరు బస్సుకు అది వర్తించదు. "పిల్లోడి ఫీజు కట్టల్ల, మగ్గం మీద చీర అయిపోనీ, వచ్చే నెల చూద్దాం" అంటుంది ధర్మవరం ఇల్లాలు. తన ఒంటి మీద ఖర్చు పెట్టడం వచ్చేసరికి మన ఆడవాళ్లకు వచ్చే నెల ఎప్పటికీ రాదు.

అప్పుడే నేనొక ఫిజీషియన్ గారి దగ్గరికి పోయాను. చిన్న నర్సింగ్ హోమ్ ఆయనది. "వారంలో ఒక్క పూట నాకు ఒక గది ఇవ్వండి సార్. ఐఎన్‌ఆర్ వాళ్లను నేను చూసుకుంటా. హద్దులు మీరు గీయండి" అన్నాను. ఆయన నవ్వలేదు, అదే మేలు. నెల రోజులు కూర్చుని ఇద్దరం ఒక కాగితం రాసుకున్నాం. ఫలితం కొంచెం అటూ ఇటూ ఉంటే, వారం మొత్తం మోతాదులో నూటికి 5 నుంచి 20 వంతుల లోపు మార్చి, వారం పది రోజుల్లో మళ్లీ పరీక్ష. 4.5 దాటితే నా సొంత తెలివి వద్దు, వెంటనే ఆయనకు ఫోను. ఎక్కడ రక్తం కనిపించినా నేరుగా ఆసుపత్రే. కింద ఆయన సంతకం.

మొదటి బుధవారం ముగ్గురొచ్చారు. అందులో ఒకామె నన్ను నమ్మక, బయట మొగుడిని నిలబెట్టి వచ్చింది. ఇప్పుడు గది చాలడం లేదు.

చేసే పని గొప్పదేం కాదు. ఒక్కొక్కరికి ఒక పుస్తకం. తేదీ, ఫలితం, మోతాదు, మళ్లీ రావలసిన రోజు. చదువు రానివాళ్లకు బొమ్మలు వేస్తాను. నిండు చంద్రుడైతే మాత్ర మొత్తం, సగం చంద్రుడైతే సగం. ప్రతి ఒక్కరినీ అవే ప్రశ్నలు అడుగుతాను. మాత్ర ఎన్నిరోజులు తప్పింది? చిగుళ్లు, ముక్కు, మూత్రం, ఎక్కడన్నా రక్తం కనిపించిందా? కొత్తగా ఏ మందు వాడావు? విరేచనాలకు వేసుకునే మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు వాడే కోట్రైమాక్సజోల్ ఐఎన్‌ఆర్‌ను ఎగదోస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ కిందికి లాగుతుంది. ఊళ్లో సూది వేయించుకుంటే కండలో రక్తం గడ్డకట్టి వాస్తుంది. ఒక షాపులో అసిట్రోమ్ లేదని "రెండూ ఒకటే" అంటూ అదే మోతాదులో వార్ఫరిన్ ఇచ్చారట ఒకామెకు. రెండూ ఒకటి కావు, లెక్క వేరు.

"ఆకుకూర తినకూడదంట కదా?" అని అందరూ అడుగుతారు. తినండి తల్లీ! తోటకూర, మునగాకు, గోంగూరల్లో విటమిన్ కె ఉన్నమాట నిజమే. వారమంతా మానేసి ఆదివారం గంపెడు తింటేనే చిక్కు. రోజూ ఒకేపాటిగా తింటే, దానికి తగ్గట్టు మాత్ర మోతాదును మేం సరిచేసుకుంటాం. శ్రావణ మాసం ఉపవాసాలప్పుడు, రంజాన్ నెలలో తిండి తగ్గి ఫలితం పైకి పోతుంది. అందుకే ఆ నెలల్లో త్వరగా రమ్మంటాను.

ఇక మగ డాక్టర్ ముందు ఆడవాళ్లు నోరు విప్పని సంగతులున్నాయి. బహిష్టప్పుడు రక్తం ఎక్కువ పోతుందని ఆ అయిదు రోజులూ మాత్ర మానేసేవాళ్లు ఎందరో! "మా అత్త చెప్పింది, ఆపితే తగ్గుతాదని" అంది ఒక అమ్మాయి, తల దించుకుని. ఆపకూడదు, చెప్పాలి. గైనకాలజిస్టు దగ్గర దానికి వేరే మార్గాలున్నాయి. గర్భం సంగతి ఇంకా సున్నితం. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య వార్ఫరిన్ కడుపులో బిడ్డకు చెడు చేయవచ్చు. అలాగని సొంతంగా ఆపేస్తే వాల్వ్ మూసుకుని తల్లికే ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి నెల తప్పాక కాదు, బిడ్డ కావాలనుకున్న రోజే డాక్టర్‌ను కలవాలి. మాత్రల బదులు కొన్నాళ్లు హెపారిన్ సూదులా, మోతాదు తగ్గించడమా అన్నది వాళ్లు తేల్చాలి. ఈ సంగతి పెళ్లయిన మూడేళ్ల దాకా ఎవరూ చెప్పలేదంటే ఆ తప్పు ఆ పిల్లదా?

పరీక్షలు అక్కర్లేని కొత్త మందులొచ్చాయి కదా అంటారు కొందరు. వేరే జబ్బులకు అవి మంచివే. లోహపు వాల్వ్ ఉన్నవాళ్లలో డాబిగాట్రాన్ వాడి చూసిన ప్రయోగంలో గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ వివరాలు బయటికొచ్చాయి. కీళ్లవాత గుండెజబ్బుతో లయ తప్పినవాళ్లకు రివరాక్సబాన్ కంటే పాత మందే మేలని 2022లో తేలింది. అంటే మన వాళ్లకు ఇంకా చాలా కాలం ఈ మాత్రే గతి.

"మందుల షాపోళ్లు డాక్టర్లయిపోతారా?" అని ఒక పెద్దమనిషి నా ముఖం మీదే అడిగారు. కామండీ. జబ్బు తేల్చడం మా పని కాదు. అమెరికా, బ్రిటన్‌లలో దశాబ్దాలుగా ఫార్మసిస్టులు ఈ క్లినిక్కులు నడుపుతున్నారు, డాక్టర్లు గీసిన హద్దుల్లోనే. మన దేశంలోనూ 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందు గురించి వివరించి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యతే అన్నాయి. వంద మంది క్యూలో ఉన్న డాక్టర్ ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఇవ్వగలరు. ఆకుకూర నుంచి అత్తగారి దాకా వినాలంటే ఇరవై నిమిషాలు కావాలి. అవి మా దగ్గర ఉన్నాయి.

మనుషులూ ఉన్నారు. 2008లో మన దేశంలో ఆరేళ్ల ఫార్మ్‌డి కోర్సు వచ్చింది. మన అనంతపురంలోనే చెబుతున్నారు. అందులో చదివిన ఆడపిల్లలు ఎందరో. వార్డుల్లో రోగుల పక్కన నేర్చుకుని బయటికొచ్చాక, తగిన ఉద్యోగం లేక షాపు కౌంటర్లో బిల్లులు కొడుతున్నవాళ్లు నాకు తెలుసు.

నేను కోరేది కొండంత కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి ఒక పూట, ఒక గది, శిక్షణ పొందిన ఒక ఫార్మసిస్టు, నమ్మదగిన ల్యాబు, హద్దులు గీసి సంతకం పెట్టే ఒక డాక్టర్. లక్షలు పోసి వాల్వ్ వేయించే ప్రభుత్వానికి, దాన్ని కాపాడే ఈ పాటి ఖర్చు బరువా?

అంతదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. మీ ఇంట్లో, మీ వీధిలో ఆ మాత్ర వాడే అక్కో చెల్లెలో ఉంటే, పోయినసారి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని ఒక్క మాట అడగండి. షాపుకు పోయినప్పుడు ఆ పుస్తకం చూపించమనండి.

నొప్పి మాత్ర తిన్న ఆ అక్క ఇప్పుడు ప్రతి నెలా మొదటి బుధవారం వస్తుంది. పోయినసారి మోకాలి నొప్పికి ఏం వాడాలని అడిగింది. ముందు ఆమె పుస్తకం తెరిచాను, తర్వాతే జవాబు చెప్పాను.